గూడెం కోతులు మా పెరట్లోకి ఎలా వచ్చాయంటే

కూరగాయలకు బజారుకు వెళ్ళటమంటే నాకు నామోషీ. ఉంగుటూరు దాటాక కాలవ గట్టు పక్కనే మా ఇల్లు. పెరట్లో చిక్కుడు పందిరి, సొరపాదు, వంగ మొక్కలు, జామచెట్లు ఉండేవి. ఆయన పోయాక నా కడుపు నింపింది ఆ పెరడే. ఒకరి ముందు చేయి చాచకుండా బతుకుతున్నానన్న ధీమా కూడా దాని వల్లే.

మా అమ్మాయిని తాడేపల్లిగూడెం ఇచ్చాం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో దాని ఇంటికి వెళ్తే నాకు కోతుల్ని చూడటమే సరిపోయేది. మా ఊళ్ళోనూ అప్పుడప్పుడు ఒకటో రెండో వచ్చేవి గాని, రాయి తీస్తే పారిపోయేవి. పట్నం కోతుల తీరు వేరు. బడి గంట కొడితే పిల్లలు క్యారేజీలు విప్పుతారని వాటికి తెలుసు. ఉల్లిపాయల మార్కెట్లో బస్తాల జోలికి పోవు, మనిషి చేతిలో బిస్కట్ ప్యాకెట్టు కనిపిస్తే మాత్రం వదలవు. వాటికి చెట్టు కూడా అక్కర్లేదు, నీళ్ళ ట్యాంకు నీడ చాలు. కర్ర పట్టింది మగవాళ్ళా ఆడవాళ్ళా అని చూసి మరీ కదులుతాయి.

వాటిలో చెవి చిరిగిన ఆడకోతి ఒకటి, మా వియ్యంకుడిగారి డాబా మీద కుళాయి తిప్పుకుని నీళ్ళు తాగి, అలాగే వదిలేసి పోయింది. పోతున్న నీళ్ళు చూసి నాకు ప్రాణం ఉసూరుమంది.

"తిప్పటం నేర్చింది గాని కట్టటం నేర్వలేదు చూడండి అన్నయ్యగారూ" అన్నాను.

"మా వీధిలో మనుషులే కట్టరండీ చెల్లెమ్మగారూ, కోతినేం అంటాం" అన్నారాయన.

ఆ వీధికి పెద్ద ఆయనే. ఓ కోతి తరిమితే మా మనవరాలు మెట్ల మీంచి పడి మోచేయి కొట్టుకుపోయాక, వీధివాళ్ళంతా కలిసి బోను తెప్పించారు. స్వామి జాతి, చంపకూడదు. అడవిలో వదిలించమని నేనూ గట్టిగా చెప్పాను.

"మీ మాట కాదంటానా అండీ. పాపికొండల దాకా పంపిస్తాం" అన్నారు.

ఆ మాట నమ్మి, బోనులో ఎర పెట్టడానికి వేరుశెనగ ఉండలు నేనే చుట్టి ఇచ్చాను. పాకం ముదిరితే వాటికి నచ్చదని దగ్గరుండి మరీ చూసుకున్నాను.

నేను ఇంటికొచ్చిన కొద్దిరోజులకే, ఒక ఉదయం లేచేసరికి పెరట్లో కుళాయి పారుతోంది. కుళాయి కట్టకుండా పడుకునే మనిషిని కాను నేను. తలెత్తి చూస్తే జామచెట్టు మీద ఆ చెవి చిరిగిన కోతి, దాని వెనక గుంపు. సొరపిందెల్ని ఒక్కో కొరుకు కొరికి పారేశాయి. పందిరి నేల మీదుంది. రాయి తీశాను. అది కదల్లేదు, నాకేసే చూస్తూ కూర్చుంది.

పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది. "ఏవండీ పిన్నిగారూ, మీ గూడెం చుట్టాలు చెప్పాపెట్టకుండా దిగారే" అంది. తెల్లారుతుండగా గట్టు మీద గూడెం వ్యాను ఆపి బోను తలుపు తీయటం వాళ్ళాయన చూశాడట.

అప్పటికప్పుడు బస్సెక్కి గూడెం వెళ్ళాను. వియ్యంకుడిగారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"అంతదూరం వ్యానువాడు రానన్నాడండీ. ఈ దగ్గర్లో అడవి ఎక్కడుంది చెప్పండి? అన్నీ చేలూ చెరువులే. మీ గట్టున చెట్లున్నాయి, నీళ్ళున్నాయి. అయినా మీరు జాలిగుండె మనిషి, వాటినేం చేయరని నా నమ్మకం."

ఇంత మర్యాదగా మాట్లాడే మనిషిని ఏమని తిట్టాలో నాకు తోచలేదు. వంటింట్లోకి వెళ్ళాను. అమ్మాయి వెనక్కి తిరగకుండా గిన్నె తోముతోంది.

"నీకు తెలుసా?"

"తెలుసమ్మా."

"చెప్పలేకపోయావా?"

"చెబితే నువ్వు ఊరుకుంటావా? ఇక్కడ పిల్లలు డాబా ఎక్కలేకపోతున్నారు. నీకైతే ఒక్క పెరడే కదా."

ఒక్క పెరడే. తన పెళ్ళి అయ్యేదాకా ఆ పెరట్లో కూర తిని పెరిగిన పిల్ల అన్న మాట అది. అన్నం తినమన్నా కూర్చోకుండా వచ్చేశాను.

తర్వాత ముళ్ళకంప వేశాను, కుళాయికి తీగ చుట్టాను. ఆ తీగను అవి విప్పేశాయి. ఏడాది తిరిగేసరికి, రాయికి పారిపోయే మా ఊరి కోతులు కూడా వంటింటి గడియ తీయటం నేర్చుకున్నాయి. వంగ మొక్కలు పీకేసి ఊరుకున్నాను.

ఆ కార్తీకంలో అమ్మాయి బస్సులో ఒక సంచీ పంపింది. దాంట్లో వంకాయలు, సొరకాయ, చిక్కుళ్ళు. అవతల పారేయాలనే అనిపించింది, గాని తిండి వస్తువు పారేసే చేతులు కావు నావి. వండుకున్నాను.

సాయంత్రం ఫోను చేసి "కూరలు బాగున్నాయా అమ్మా?" అని అడిగింది.

"అందాయి" అన్నాను.

వంకాయలు లేతగా, వెన్నలా ఉన్నాయి. ఆ మాట మాత్రం దానికి చెప్పలేదు.