మా ఆయన మోచేతి సాక్ష్యం

నర్సుల మాటల్లో నరమంటే సూది ఎక్కించే దారి. కోస్తా నుంచి ఫరీదాబాద్ ఆసుపత్రికి వచ్చి పడ్డ మేమంతా "నరం దొరకట్లేదే, ఆ చెయ్యి చూడు" అనుకుంటూ ఉంటాం. హిందీలో నస్ అన్నా అంతే. రక్తనాళానికీ నాడికీ ఒకటే పేరున్న ఇంట్లో పుట్టి, చదువులో రెంటినీ విడదీసి నేర్చుకుని, డ్యూటీలో మళ్ళీ కలిపేసుకున్నాను. ఆ బద్ధకమే నా కొంప ముంచింది.

పోయినేడు ఫ్యాక్టరీలో రేకు అంచు తగిలి మా ఆయనకు కుడి మోచేతికి పైన, వెనకవైపు లోతుగా తెగింది. కుట్లు వేయించుకుని ఇంటికొచ్చి, "నరమేదో తెగిందంట" అన్నారు. నెత్తురు ఆగిందా అని చూశాను. ఆగింది.

"ఒక్కటేగా! ఒంట్లో ఇంకా బోలెడున్నాయిలెండి" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆయనకు పన్నెండేళ్లుగా సోరియాసిస్. రెండు ముంజేతుల మీదా ఎర్రటి మచ్చలు, రాలే పొలుసులు. మే నెల ఎండలో కూడా ప్రార్థనకు ఫుల్ చేతుల చొక్కానే. అలాంటిది, కుట్లు మానిన కొన్ని వారాలకు కుడిచేతి మచ్చ పల్చబడి పల్చబడి మాయమైంది. ఎడమచేతిది అలాగే ఉంది. రాసిన మందు రెంటికీ ఒకటే. ఇది స్వస్థత కాక మరేమిటి? మా తెలుగు సహవాసంలో ఆదివారం అందరి ముందూ లేచి, దేవుడు చేసిన ఈ మేలుకు సాక్ష్యం చెబుతానని పాస్టరు గారికి మాటిచ్చాను. ఆంటీలందరికీ ముందే చెప్పేశాను కూడా. నా నోట్లో నువ్వుగింజ నానదు.

శనివారం సాయంత్రం ఆయన కొత్తగా కొనుక్కున్న పొట్టి చేతుల చొక్కా వేసుకుని, వంటగట్టు పక్కన నిలబడి, "రేపు ఎంతసేపు చెప్తావే, భోజనాల టైము దాటకుండా చూడు" అని ఆటపట్టిస్తున్నారు. ఏదో కాలుతున్న వాసన వచ్చింది. చూస్తే ఆయన ముంజేయి ఉడుకుతున్న కుక్కరుకు ఆని ఉంది. ఆయన నవ్వుతూనే ఉన్నారు.

కేక పెట్టి చెయ్యి లాగేశాను. "ఏమైందే?" అన్నారు. కుక్కరుకు అంటుకున్న తన చర్మాన్ని చూశాక గానీ ఆయన నవ్వు ఆగలేదు.

ఆదివారం సహవాసానికి వెళ్ళలేదు. సోమవారం చర్మం డాక్టరమ్మ ఆయన్ని కళ్ళు మూసుకోమని, కుడి ముంజేతిని సూదితో అక్కడక్కడా గుచ్చింది. ఆయన ఒక్కసారీ ఉలిక్కిపడలేదు.

"దీదీ, నస్ కటీ హై," అంది నాతో. "ఖూన్ వాలీ నహీ, ఎహసాస్ వాలీ."

తెగిన నరం రక్తానిది కాదు, స్పర్శది. చర్మంలో నాడి కొసలు నొప్పిని పైకి మోయడమే కాదట, అక్కడే కొన్ని రసాయనాలు కూడా వదులుతాయట. ఆ కబురందుకుని రోగనిరోధక కణాలు పరుగెత్తుకొచ్చి, లేని శత్రువుతో కొట్లాడతాయట. ఆ కొట్లాటే ఈ మచ్చ. నాడి తెగి కబురు ఆగింది, కణాలు చల్లబడ్డాయి. అందరికీ ఇలా జరగదు గానీ, జరిగినవాళ్ళున్నారని చెప్పింది.

ఇన్నేళ్ళ నర్సుని అయ్యుండీ, నాడుల సంగతి వేరు, ఇమ్యూనిటీ సంగతి వేరు అనుకునేదాన్ని. నేను స్వస్థత అని ఊరంతా చాటింది చచ్చుబడ్డ నరాన్ని! సిగ్గేసింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆలస్యమైందనీ, నాడిని అతికినా స్పర్శ వస్తుందని మాటివ్వలేననీ సర్జన్ అన్నాడు. వస్తే మచ్చ కూడా తిరిగి రావచ్చట.

"వద్దులేవే" అన్నారు ఆయన. "పన్నెండేళ్ళకి ఈ చెయ్యి శుభ్రంగా చూసుకున్నాను."

"మీది మిషన్ల దగ్గర పని. రేపు చెయ్యి లోపలికి పోయినా ఇలాగే నవ్వుతూ ఉంటారు" అన్నాను. కాలినచోట కట్టు వైపు చూసుకుని, సరేనన్నారు.

ఆపరేషన్ అయింది. రోజూ పొద్దున్నే ఆయన్ని కళ్ళు మూసుకోమని దూదితో తాకేదాన్ని. "ఇప్పుడు?" "లేదే." నెలల తరబడి అదే జవాబు.

పోయిన నెల టీ తాగుతూ కుడిచెయ్యి గోక్కుంటున్నారు. "పొద్దుట్నుంచీ ఒకటే దురద" అని విసుక్కున్నారు. చెయ్యి కిటికీ దగ్గరికి లాగి చూశాను. మోచేతి కింద ధనియపు గింజంత ఎర్రటి చుక్క. అక్కడే నేలమీద కూలబడి ఏడ్చేశాను.

ఆ ఆదివారం సాక్ష్యానికి లేచాను. "మా ఆయనకు దురద పుట్టింది. దేవునికి స్తోత్రం" అన్నాను.

ఆంటీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మగవాళ్ళ వైపు నుంచి, ఫుల్ చేతుల చొక్కాలో, మా ఆయన గోక్కుంటూ "ఆమెన్" అన్నారు.