బంతి కోసం టేకు తలుపు కోసిన రోజు

నేను నాలుగో క్లాసు చదువుతున్నప్పుడు... అనకాపల్లిలో మా ఇంటి లోపలి వసారాకి ఆనుకుని సామాన్ల గది ఉండేది. బియ్యం బస్తాలు, పప్పుల డబ్బాలు, కొట్లో పట్టక మిగిలిన బెల్లం దిమ్మలు అన్నీ అందులోనే. నాన్నది బెల్లం వ్యాపారం. ఇల్లంతా బెల్లం వాసనని చుట్టాలు చెప్తే గానీ మాకు తెలిసేది కాదు.

ఆ గదిలో ఎలకలకి లోటు లేదు... అందుకే బంతిని పెంచేరు. బంతి మా పిల్లి. బంతిపువ్వు రంగులో ఉండేదని మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, పెట్టిన పేరు.

బంతి ఆ గది తలుపు ముందు కూర్చుని అరిస్తే మామ్మ లేచి గెడ తీసేది. లోపల్నించి అరిస్తే మళ్ళీ లేచేది. మోకాళ్ళ నొప్పులతో రోజంతా ఇదే పని.

"కింద చిన్న కన్నం పెట్టించరా. అదే వత్తాది, అదే పోతాది" అనేది నాన్నతో.

"టేకు తలుపమ్మా అది... పిల్లి కోసం కోత్తారేటి?"

ఏదో పాత మిల్లు పడగొడుతుంటే నాన్న ముచ్చటపడి కొన్న తలుపది. నెలకోసారి గుడ్డతో నూనె రాసేవాడు. ఇంకెవర్నీ రాయనిచ్చేవాడు కాదు.

ఆ వేసవిలో ఎస్. రాయవరంలో మా చిన్నమావయ్య పెళ్ళి. బయట ఆటో హారన్ కొడుతోంది. "సామాన్ల గది గెడేసి రావే" అని అమ్మ కేకేసింది. పరిగెత్తుకెళ్ళి వేసేను. లోపలికి చూడలేదు.

మూడో రోజు మధ్యాహ్నం తిరిగొచ్చేం. పక్కింటి సత్యవతి అత్త వీధిలోనే ఎదురొచ్చింది, చేతిలో చెప్పుల అట్టపెట్టె. అందులో బంతి పిల్లలు... పుట్టి మూడు వారాలు. మా పెరట్లో కట్టెల వెనక అరుస్తుంటే గోడ దిగి తెచ్చుకుందట. దూది పాలలో ముంచి పట్టిందట. మూడింట్లో రెండే ఉన్నాయి.

"ఒకటి నిన్న పోయింది వదినా... ఏటి సెయ్యను? తల్లి ఎక్కడా కనపళ్ళేదు" అంది అమ్మతో.

మామ్మ తిన్నగా లోపలికి వెళ్ళి సామాన్ల గది గెడ తీసింది. బంతి బయటికొచ్చింది. మావైపు చూడలేదు. నీళ్ళ గిన్నె పక్కనుంచే పోయింది గానీ ఆగలేదు. నేరుగా కట్టెల దగ్గరికి వెళ్ళి, అక్కడేమీ లేకపోయేసరికి అరవడం మొదలెట్టింది. అత్త పెట్టె తెచ్చి దాని ముందు పెట్టేక గానీ ఊరుకోలేదు.

తలుపు లోపలి వైపు, అడుగున, అన్నీ గోళ్ళ గీతలు... వాటి మీద ఎండిన రక్తం. నాన్న గొంతుక్కూర్చుని ఆ గీతల్ని వేలితో తడిమేడు.

"గెడ ఎవరేసేరు?" అన్నాడు.

"నేనే" అంది మామ్మ.

నేను అమ్మ వెనక్కి జరిగేను.

మర్నాడు పొద్దున్నే నాన్న వడ్రంగి అప్పలరాజుని వెంటబెట్టుకొచ్చేడు. ఉట్టి కన్నం పెట్టి వదిలేత్తే పందికొక్కులొత్తాయి, వానల్లో పాములూ వత్తాయి అన్నాడు అప్పలరాజు. గోడలో ఎత్తుగా పెడదామంటే పిల్లిపిల్లలెక్కలేవు. చివరికి కన్నానికి పైన బందులతో చిన్న చెక్క వేలాడదీద్దాం, అటూ ఇటూ ఊగుద్ది అన్నాడు. నాన్న సరేనన్నాడు.

కొలత కోసం నాన్న బంతిని పట్టుకున్నాడు, అప్పలరాజు పురికొసతో చుట్టూ కొలిచేడు. ఇద్దరికీ గీరుళ్ళు పడ్డాయి.

"దీని తల పడితే సాలు బాబూ" అన్నాడు అప్పలరాజు.

"సాలదు" అంది మామ్మ. "కడుపుతో ఉన్నప్పుడు ఎంతుంటాదో అంత కొయ్యి."

అప్పలరాజు రంపం పెట్టబోయి, ఆగి, నాన్న మొహంలోకి చూసేడు. "కొయ్యి" అన్నాడు నాన్న. కోసినంతసేపూ అక్కడే నిలబడ్డాడు.

తీరా చూస్తే చెక్క బరువెక్కువైంది. మొదటి రోజే బంతి తోక మీద పడింది. అది కెవ్వుమని అటక ఎక్కి, వారం రోజులు ఆ చాయలకే రాలేదు. మామ్మ మీగడ గిన్నె అవతల పెట్టి పిలిచినా దూరం నుంచి చూసి వెళ్ళిపోయేది.

అలా పిలుస్తున్న ఒక మధ్యాహ్నమే ఆవిడ పక్కన కూర్చుని, గెడ నేనే వేసేనని చెప్పేను.

"తెలుసు" అంది. "నువ్వేసినప్పుడు నీ ఎనకే ఉన్నాను. పిల్లి లోపలుందేమో సూసుకోవలసింది నేను. పెళ్ళి హడావిడిలో నాకూ తట్టలేదు."

అంతే. దగ్గరికి తీసుకోలేదు, తిట్టలేదు. మీగడ గిన్నె కొంచెం ఇవతలికి జరిపింది.

అప్పలరాజు మళ్ళీ వచ్చి చెక్క పీకేసి, పాత లారీ ట్యూబు ముక్క మేకులతో కొట్టేడు. అది మెత్తగా, తేలిగ్గా ఉండేది. ముందు దూరింది బంతి కాదు... పిల్లలు. ఒకదాన్నొకటి తరుముకుంటూ రెండూ లోపలికి పోయేయి. వాటి అరుపు లోపల్నించి వినపడగానే బంతి ఒక్క ఉరుకున ట్యూబుని తలతో నెట్టుకుని వెళ్ళిపోయింది.

నాన్న ఆ తలుపుకి నూనె రాయడం మానలేదు. కన్నం అంచుల దగ్గర మాత్రం కొంచెం ఎక్కువ రాసేవాడు, చెక్క పెచ్చులు లేచి పిల్లికి గుచ్చుకోకుండా.

ఇప్పుడు మేముండేది సబ్బవరంలో, ఫ్లాట్లో. బియ్యం ప్యాకెట్లలో వస్తున్నాయి, బెల్లం పొడి డబ్బాలో వస్తోంది. ఎలకల్లేవు కాబట్టి పిల్లితో పని లేదు. కింద కార్ల మధ్య నాలుగైదు తిరుగుతుంటాయి... పొద్దున్న ఒకటి లిఫ్టు దగ్గర కూర్చుని అరుస్తోంది. ఏమని పిలవాలో తెలీలేదు. వాచ్‌మేన్ని అడిగేను, పేరేమీ లేదమ్మా అన్నాడు.

మీ ఇంట్లో పిల్లి ఎటునుంచి వచ్చిపోయేది? దాని పేరు గుర్తుంటే కింద రాయండి... పేరొక్కటి రాసినా చాలు.