లవంగం వాసన వచ్చే వేళ

మా కంపెనీలో గుమ్మడికాయ మసాలా బిస్కెట్లు రుచి చూసిన నెలల్లోనే అమ్మకు నాన్న సిగరెట్టు వాసన రావడం మొదలైంది.

నేను కౌలాలంపూర్ శివార్లలోని ఒక తినుబండారాల కంపెనీలో పని చేస్తాను. కొత్త సరుకు బజారుకు వెళ్లేముందు మేం ఆరేడుగురం తిని, ఏది ఎక్కువైందో ఏది తక్కువైందో చెప్పాలి. ఆ ఏడాది అక్టోబరు కోసమని బిస్కెట్లు, పూత వేసిన వేరుసెనగలు, కర్రపెండలం చిప్స్ చేశారు. ఆకులు రాలే కాలమే లేని దేశానికి, పడమటి దేశాల ఆ కాలపు రుచి. గుమ్మడికాయ పేరేగానీ అందులో దాని ముక్క కూడా లేదు. దాల్చినచెక్క, జాజికాయ, శొంఠి, అన్నిటినీ మించి లవంగం.

రుచి చూసేవాళ్లు నమిలి ఉమ్మేయాలి. కాగితం గ్లాసు పక్కన పెట్టేది అందుకే. నేను ఉమ్మలేను. నోట పెట్టేది ఏదైనా ముందు రాముడికి నివేదించడం చిన్నప్పుడే భజన మందిరంలో అలవాటైంది. నివేదించాక అది ప్రసాదం. ప్రసాదాన్ని ఎవరు ఉమ్ముతారు? అన్నీ మింగేదాన్ని. పక్క కుర్చీలోని మలాయ్ అమ్మాయికి నేను కళ్లు మూసుకోవడం వేడుక. నన్ను కక్ అని, అంటే అక్కా అని పిలుస్తుంది.

“కక్, మీ దేవుడికీ ఒక ప్లేటు పెట్టరాదూ? మార్కులు ఆయన్నే వెయ్యమందాం.”

“ఆయన వేసే మార్కులకి మన మేనేజరు తట్టుకోలేడు” అన్నాను.

నాన్న పోయి అప్పటికి కొన్నేళ్లు. ఊరంతా తలుపులు వేసుకుని కూర్చున్న జబ్బు రోజుల్లో, ఆసుపత్రిలో పోయాడు. మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. పురోహితుడు ఫోనులో మంత్రం చెబుతుంటే తమ్ముడు వంటగదిలో పిండం పెట్టాడు. నదికి వెళ్లే వీలు లేదు. అదే జ్వరం అమ్మ ముక్కును కూడా తీసుకుపోయింది. సాంబ్రాణి వేసినా, పులుసు మాడినా ఆమెకు తెలియదు.

అలాంటి అమ్మ ఒక రోజు నేను చెప్పులు విప్పుతుండగానే అంది: “మీ నాన్న వచ్చినాడే.”

నాన్న లారీ నడిపేవాడు. సాయంత్రం పని దిగి వచ్చి, మా ఫ్లాటు బయట వరండాలో నిలబడి ఒక క్రెటెక్ కాల్చేవాడు. లవంగం కలిపిన ఇండోనేషియా సిగరెట్టు అది. ఆ తర్వాతే స్నానం, మందిరం. ఇప్పుడు సరిగ్గా ఆ వేళకే వాసన వస్తోందట.

నా బట్టలదే అనుకున్నాను. తలంటుకున్నాను, చీరలన్నీ ఉతికాను. కానీ ఆ వేళకు నేనింకా రైల్లోనే ఉంటాను. పైగా అమ్మది సంతోషం కాదు.

“కార్యం సరిగ్గా జరగలేదు. దారి దొరక్క ఇంటికొచ్చేస్తన్నాడు” అనేది. వరండా గోడ మీద అన్నం ముద్ద పెట్టి, కాకి ముట్టేదాకా తను తినేది కాదు. కొన్ని రోజులు కాకి వచ్చేదే కాదు.

మందిరంలో భజన చెప్పే పెద్దాయన్ని అడిగాం. “వాసన్ని సూసి బయపడకమ్మా. ఆకర్న రామా అన్నాడా లేదా, అదొక్కటే సూడాలి” అన్నాడు.

“ఎవురిన్నారు, బాబూ?” అంది అమ్మ.

 ఆయన భజన తాళాలు చేతిలోకి తీసుకుని నామం ఎత్తుకున్నాడు. ఎవరూ వినని నామం కూడా వినాల్సినవాడికి వినిపిస్తుందని నా నమ్మకం. ఆ రోజు ఆ మాట అమ్మతో అనలేకపోయాను.

చివరికి అమ్మే అంది: “నీ ముక్కుకి జీతమిస్తన్నారు కదా. ఆ యేళకి వచ్చి కూకో. ఉంటే ఉందను, లేకపోతే లేదను.”

ఇక్కడే చిక్కు. వారాల తరబడి ఒకే మసాలా తింటే ముక్కు దానికి మొద్దుబారిపోతుంది. ఈ ఊళ్లో లవంగానికి సాక్ష్యం చెప్పడానికి నాకంటే పనికిరానిది లేదు. అదే చెప్పాను.

“అయినా కూకో” అంది.

సెలవు పెట్టి అమ్మతో వరండాలో కూర్చున్నాను. కింద స్కూలు వ్యానులు పిల్లల్ని దింపుతున్నాయి. పక్కింట్లో నెత్తళ్ల చేపలు వేయిస్తున్నారు. అమ్మ ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకుంది.

“వచ్చింది.”

గట్టిగా పీల్చాను. నెత్తళ్లు, తడి బట్టలు, మురికికాలవ. లవంగం లేదు. లేదని చెబితే తన మతి తప్పిందనుకుంటుంది. ఉందంటే నాన్నకు దారి లేదనుకుంటుంది. “నాకు తెలవట్లేదమ్మా” అన్నాను. నిజమూ అదే.

అమ్మ చెయ్యి వదిలేసి లేచింది. వరండా గోడ వైపు తిరిగి, అన్నానికి రమ్మని పిలిచే గొంతుతోనే అంది: “మావా, మాకు సేతనైనట్టు సేసినాం. రానివ్వకపోతే ఏటి సేస్తాం? రామా అనుకో, ఎల్లు. నాకోసం ఆగకు. నానొస్తాను.”

తర్వాత నాతో, “నువ్వూ అను” అంది. ఇద్దరం చాలాసేపు నామం చెప్పాం.

ఆ తర్వాత ఆమె వాసన మాట ఎత్తలేదు. వారం పోయాక అడిగితే, “ఏ వాసనా లేదు” అంది. వేళకు తింటోంది. కానీ సాయంత్రం వరండాలోకి మాత్రం రావడం మానేసింది.

నవంబరు దాటాక ఆ బిస్కెట్లు బజారులో లేవు. మా బల్ల మీదికి డూరియన్ వేఫర్లు వచ్చాయి. నా ముక్కు బాగుపడింది. ఒక సాయంత్రం తీగ మీది బట్టలు తీస్తుంటే లవంగం పొగ తగిలింది, తియ్యగా, భుజం పక్కనే. వరండాలో ఎవరూ లేరు. వంగి చూస్తే కింద కూడా ఎవరూ సిగరెట్టు కాల్చడం లేదు. లేనిది కూడా ముక్కుకు గుర్తొస్తుందని పనిలో నేర్చుకున్నాను. నాన్న రాముడి పాదాల దగ్గర ఉన్నాడని నమ్ముతాను. అయినా కదలలేకపోయాను.

“ఏటే, అలాగుండిపోయినావు?” లోపలినుంచి అమ్మ.

“ఏటీ లేదమ్మా. బట్టలు ఆరలేదు.”

ఎండిపోయిన బట్టల్ని ఒక్కొక్కటిగా మళ్లీ తీగ మీద వేస్తూ అక్కడే ఉన్నాను.