దేవుడి మీది తుమ్మికూర

పర్మినెంటు అనే మాట ఒక్కటి చెవిన పడితే జన్మ ఒడ్డున పడ్డట్టేనని నేను గట్టిగా నమ్మిన రోజులవి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వే వస్తుంది గానీ, ఆ నవ్వు గొంతు దాకా వచ్చేసరికి కాకరకాయ రసమవుతుంది. పంజాగుట్టలో ఒక చిన్న కంపెనీ నన్ను "కొన్నాళ్లు చూద్దాం" అనే పద్ధతి మీద పెట్టుకుంది. నచ్చితే పర్మినెంటు, నచ్చకపోతే ఇంటికి. నాతోపాటే చేరినవాడు ఇంకొకడున్నాడు. నడి ఎండాకాలంలో కూడా టై కట్టుకొచ్చేవాడు కనుక వాడికి టైబాబు అని పేరు పెట్టాను. (పేరు పెట్టడానికి మించి వాడినేమీ చెయ్యలేకపోయాను.) ఉన్నది ఒక్క ఖాళీ, ఆశ పెట్టుకున్నది ఇద్దరం. మా నాన్న అప్పటికే మగ్గం అమ్మేసి నా జీతం వైపు చూస్తూ కూర్చున్నాడు. అమ్మ ఫోన్ చేస్తే మొదటి మాట, "నౌకరి పక్కా అయిందా బిడ్డా?" అనే. కాలేదని చెప్పినా వినిపించుకోకుండా, పక్కా అయిందని వీధంతా చెప్పేసింది.

నా కొంప ముంచింది గంగవాయిలి కూర పప్పు. ఎస్.ఆర్. నగర్ హాస్టల్ తిండికి నేను చిక్కిపోతున్నానని అమీర్‌పేటలో ఉండే మా పెద్దమ్మ అప్పుడప్పుడు టిఫిన్ డబ్బా పంపేది. మా మేనేజరు పెద్దసారు, కోస్తా నుంచి వచ్చిన మనిషి, ఒకరోజు ఆ డబ్బాలోకి తొంగిచూసి ఒక ముద్ద రుచి చూశారు. ఆయనకు షుగరు. వాళ్లావిడ మేడమ్ గారు ఫోన్‌లో చూసి, నాటకుండా మొలిచే ఆకుకూరలన్నీ అమృతమని తేల్చుకుని ఉన్నారట. "ఇవన్నీ నీకు తెలుసుటయ్యా? అయితే ఆదివారం నాతో రైతుబజారుకి రా" అన్నారు పెద్దసారు. చిన్నప్పుడు అమ్మ వెంట పోయి ఆ కూరలు ఏరుకొచ్చినా, ఆమె వండితే మాత్రం కంచం వదిలి పారిపోయినవాణ్ని, ఉద్యోగం కోసం తల ఊపాను.

అలా మొదలైంది నా ఆదివారాల దేశసేవ. ఎర్రగడ్డ రైతుబజారులో పెద్దసారు ముందు, సంచులతో నేను వెనక. ఆయన కూరగాయలు ఏరడం చూడాల్సిందే. బెండకాయ కనబడితే కొస విరవకుండా ఆయన చెయ్యి ఊరుకోదు, సొరకాయ కనబడితే గోరు దించకుండా ఉండలేదు. వంకాయ తొడిమ ఎత్తి పురుగు పుట్టుపూర్వోత్తరాలు విచారించేవారు. ఆయన వస్తున్నారంటే బెండకాయల వాళ్లు గోనెపట్టా కప్పేసేవారు. ఆకుకూరలమ్మే అవ్వ మాత్రం మొహమాటం లేని మనిషి. "సారూ, నువ్వు ఏరుడైనంక మిగిలింది నేనే వండుకోవాలె" అనేది. ఆయన నవ్వి నావైపు తిరిగేవారు. ఇక నా వంతు. పొన్నగంటి, చెన్నంగి, దొగ్గలి, ఏది లేత, ఏది ముదురు, కింద ఏ కట్టలో గడ్డి కలిసిందో చూసి తీసేవాణ్ని. సంచులు మోసుకెళ్లి వాళ్ల ఫ్రిజ్‌లో సర్దితే మేడమ్ గారు మంచినీళ్లిచ్చేవారు. ఆ ఆదివారాల్లోనే టైబాబు అమీర్‌పేటలో ఏదో కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్నాడని తెలిసి నేను వాడి మీద జాలిపడ్డాను. పాపం, పెద్దసారు మనసు కూరల సంచిలో ఉంటే వీడు వెళ్లి కంప్యూటర్లో వెతుకుతున్నాడే అని.

వినాయక చవితి వచ్చింది. కంపెనీ ఓనరు ఆ రోజు పెద్దసారు ఇంటికి భోజనానికి వస్తున్నారు. ఓనరు మా తెలంగాణ మనిషే. మావైపు చవితినాడు తుమ్మికూర పప్పు తినకపోతే పండుగ చేసుకున్నట్టే కాదు. "ఎలాగైనా నువ్వే తేవాలయ్యా, భోజనం దగ్గర నీ సంగతి కదుపుతాను" అన్నారు పెద్దసారు. ఇంకేం కావాలి? తెల్లవారకముందే వెళ్లి అవ్వ దగ్గర లేత తుమ్మికూర ఏరి ఏరి తీసుకున్నాను. పూలు తెల్లగా, ఆకులు పురుగు ముట్టకుండా, పెళ్లికూతుర్ని ఎంచినట్టు ఎంచాను. పెద్దసారు స్నానంలో ఉంటే మేడమ్ గారి చేతికిచ్చి, కొబ్బరికాయలు తెమ్మంటే బజారుకు పోయాను.

తిరిగొచ్చి చూద్దును కదా, పూజ అయిపోయింది. నా తుమ్మికూరంతా వినాయకుడి మెడలో, చెవుల మీద, తొండం పక్కన ఉంది. మేడమ్ గారి తప్పేం లేదు. వాళ్లవైపు తుమ్మి అంటే దేవుడికి పెట్టే పువ్వు, కంచంలోకొచ్చే కూర కాదు. "పత్రి మాత్రం బ్రహ్మాండంగా తెచ్చావు బాబూ" అని మెచ్చుకున్నారు కూడా. పెద్దసారు బయటికొచ్చి దేవుణ్ని చూసి నిలబడిపోయారు. ఓనరు అప్పటికే ఖైరతాబాద్ దాటారని ఫోన్. మళ్లీ బజారుకు పోయే వేళ లేదు. ఉద్వాసన చెప్పకుండా పత్రి కదిపితే అపచారమని మేడమ్ గారు, ఓనరు అలిగితే అంతకంటే పెద్ద అపచారమని పెద్దసారు కాసేపు వాదించుకున్నారు. చివరికి పెద్దసారు లెంపలేసుకుని, వినాయకుడి మీంచి రెమ్మ రెమ్మ తీయడం మొదలుపెట్టారు. అప్పుడు కూడా చెయ్యి ఊరుకోలేదండీ. లేతవి తీసుకుని ముదురువి దేవుడికే వదిలారు.

ఆ కూర వండటం వాళ్లకు రాదు కనుక, అమ్మ వండుతుంటే చూసిన ధైర్యంతో వంటింట్లోకి నేనే దూరాను. కడిగి, గిల్లి, కందిపప్పులో వేసి, చింతపండు పిండి, ఎండుమిర్చి పోపు పెట్టాను. ఓనరు మొదటి ముద్దకే కళ్లు మూసుకున్నారు. "మస్తుగున్నది, అచ్చం మా అమ్మ చేతి వంటనే. ఎవరు చేసిన్రు?" అని అడిగారు. నేను గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో, చెవులు రెండూ అటే పెట్టి నిలబడ్డాను. మా ఆఫీసు కుర్రాడే అన్న ఒక్క మాట చాలు. పెద్దసారు నావైపు చూశారు, మేడమ్ గారి వైపు చూశారు, "మా ఇంటికి కూరలు తెచ్చే అబ్బాయండి" అన్నారు. ఓనరు ఇంకోసారి వడ్డించుకున్నారు. పప్పు గిన్నె ఖాళీ అయింది. నన్ను తినమన్నవాళ్లు లేరు, వెళ్లమన్నవాళ్లూ లేరు. చెయ్యి కడుక్కుని హాస్టల్‌కు నడిచాను. పండుగ కదా, మెస్సు మూసేశారు.

మరుసటి వారం ఓనరు ఆఫీసుకొచ్చి మమ్మల్నిద్దర్నీ గదిలోకి పిలిచారు. నన్ను చూడగానే ముఖం విప్పారింది. "నువ్వు గా తుమ్మికూర పిలగానివి గద! ఈడేం చేస్తున్నవ్?" అన్నారు. పెద్దసారు దగ్గారు. టైబాబు టై సవరించుకున్నాడు. నేను ఇక్కడే పని చేస్తున్నాను సార్ అని చెప్పాలి. ఎన్ని రాత్రులు హాస్టల్ మంచం మీద పడుకుని ఆ గదిలో ఏం మాట్లాడాలో అనుకున్నానో! ఆదివారాల అలవాటు ఎంత చెడ్డదంటే, నాకంటే ముందు నా నోరు మాట్లాడేసింది.

"చాయ్ తెమ్మంటారా సార్?"

తెచ్చాను కూడా. టైబాబుకు సుతా ఒక కప్పు ఇచ్చాను. సాయంత్రానికి వాడు పర్మినెంటు. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేస్తే, చార్జింగ్ లేదని అబద్ధమాడి పెట్టేశాను.

ఆ తర్వాత వేరే ఉద్యోగం దొరికింది, అమీర్‌పేటలోనే ఇల్లు కుదిరింది. నా అంత బాగా కూరలు ఏరేవాళ్లు లేరని మా ఆవిడ నలుగురికీ చెబుతుంది. (ఆ కంపెనీ నాకిచ్చిన ఒకే ఒక్క సర్టిఫికెట్టు అది.) మొన్న చవితికి రైతుబజారుకు పోతే అవ్వ ఇంకా అక్కడే కూర్చుంది, చూపు తగ్గింది. నా గొంతు గుర్తుపట్టి, "మీ సారు రాలేదా?" అంది. "సారుకు కాదవ్వా, మా ఇంటికే" అన్నాను. అవసరం కంటే గట్టిగానే అన్నట్టున్నాను, పక్కవాళ్లు తిరిగి చూశారు. "అట్లనా? అయితే జర మంచిగ ఏరుకో బిడ్డా" అంది.

ఇంటికొచ్చి దేవుడికి నాలుగు రెమ్మలు పెట్టి, మిగతాది పప్పులో వేశాం. మొదటి ముద్ద కలుపుకుంటూంటే, గరిటె పట్టుకుని ఒక్క మాట కోసం చెవులు రిక్కించి నిలబడ్డ ఆ పిచ్చివాడు కళ్ల ముందుకొచ్చాడు. వాడి మీద కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. గరిటె అక్కడ పెట్టి ముందు నువ్వు కూర్చొని తినరా, అని చెప్పాలనిపించింది.