ఏడు కిలోల సంచిలో ఒడిబియ్యం

రెండు నెలల కింద నేను చేసిన పనికి మా ఇంట్లో ఇంకా నవ్వుతూనే ఉన్నారు. బియ్యం డబ్బా మూత తీస్తే నవ్వు, బట్టల బీరువా తెరిస్తే నవ్వు. బయటివాళ్లు ఇంకో రెండు కలిపి చెప్పేలోగా నేనే ఉన్నదున్నట్టు చెప్పుకోవడం మేలనిపించింది.

మా చిన్నమ్మాయి హారిక ఉద్యోగానికి నలభై రోజులు సెలవు పెట్టి, వీపుకు సంచి తగిలించుకుని కంబోడియా, లావోస్, వియత్నాం తిరిగొస్తానంది. కంబోడియాలో విష్ణుమూర్తికి అంత పెద్ద గుడి కట్టారని ఏళ్లుగా వింటున్నదాన్ని, ఊరుకోలేక "నన్ను గూడ తీస్కపో బిడ్డా" అన్నాను. వద్దంటుందనుకున్నా. సరేనంది. కానీ షరతు పెట్టింది.

"ఒక్కటే బ్యాగు. ఏడు కిలోలు. మన టికెట్ల చెకిన్ లగేజీ లేదు. ఎక్కువ తూగిందో, నిన్ను హన్మకొండలనే ఇడిచి పోత."

అప్పటినుంచి నెలరోజులు నా ప్రాణం కొక్కెం కాటాకు వేలాడింది. నేను పెట్టేది, అది తీసేది. ఆరు చీరలు పెడితే ఆరూ తీసి మూడు కుర్తాలు పెట్టింది. పచ్చడి సీసా తీసింది. పారాయణ పుస్తకం తీసి ఫోన్‌లోకి ఎక్కించింది. ఫోన్ పట్టుకుని పారాయణం ఏంటే, దానికి మడి ఉంటదా అంటే, "ఎయిర్‌ప్లేన్ మోడ్‌ల పెట్టుకో, ఎవ్వరు నిన్ను ముట్టరు" అంది. చివరికి అరచెయ్యంత నరసింహస్వామి పటం ఒక్కటి మిగిలింది. దాన్ని కూడా కాటాకు తగిలించబోతే హారిక చెయ్యి పట్టుకున్నాను. స్వామిని తూకం వెయ్యడానికి మేమెవరం?

మొత్తానికి ఆరు కిలోల ఎనిమిది వందల గ్రాములకు దిగింది. నిజం చెప్పాలంటే నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది. వాకిట్లో కనబడిన ప్రతివాళ్లకూ మనిషికి ఎంత తక్కువ చాలో చెప్పడం మొదలుపెట్టాను. పక్కింటావిడ నన్ను చూసి లోపలికి పోవడం నేను గమనించకపోలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా రెండు వైపుల చుట్టాల లెక్కలన్నీ నా తలలోనే ఉంటాయి. ఎవరి తిథి ఎప్పుడు, ఎవరి పుట్టువెంట్రుకలు ఎక్కడ, ఎవరికి ఒడిబియ్యం పోసి ఎన్నేళ్లైంది, అన్నీ నన్నే అడుగుతారు. నేను అడగకున్నా చెప్తాను. అదే నా కొంప ముంచింది.

ప్రయాణానికి రెండు రోజుల ముందు మా వదినె మా పుట్టింటి ఊరు పాలకుర్తి నుంచి ఫోన్ చేసింది. "ఎయిర్‌పోర్టుకు ఇట్లనే పోతరు గద సుగుణా, జరసేపు ఆగి చాయ తాగి పోండ్రి."

"ఒస్తం వదినె. ఒడిబియ్యం పోసుకోని పోయినంక మల్ల రానేలేదు. అప్పుడే అయిదో ఏడు నడుస్తాంది."

ఆ మాట నోట్లోంచి ఊడిపడ్డాక నాకే భయమేసింది. వదినె వెంటనే అందుకుంది.

"అయిదో ఏడా? మంచిగ యాది చేసినవ్. ఆడిబిడ్డ దేశం దాటి పోతాంటె ఒడి నింపకుంట పంపుతనా?"

మూడో ఏడో, అయిదో ఏడో పుట్టింటివాళ్లు ఆడబిడ్డ కొంగులో పసుపు బియ్యం పోసి ఒడి నింపడం మా దగ్గర ఎంత ముఖ్యమో తెలిసిందే. వద్దనకూడదు. పోసినచోటే వదిలి రాకూడదు. అయిదు రోజుల్లో వండి ముత్తైదువలకు పెట్టుకోవాలి. ఫికర్ చెయ్యకు, గుప్పెడే పోస్తా అంది వదినె.

ప్రయాణం రోజు పాలకుర్తిలో ఆగితే, వదినె గుప్పెడు అయిదు కిలోలు. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, పసుపు కొమ్ములు, వీటన్నిటి మీద ఒక పట్టుచీర. కుర్తా మీది చున్నీనే కొంగు చేసి ముడేసుకుని లేవబోతే మోకాళ్లు ఒప్పుకోలేదు. బయట కారులోంచి హారిక హారన్ కొడుతోంది. కారు తోలుకొచ్చిన మా ఆయన లోపలికి తొంగిచూసి, "నేను ఇంటికి తీస్కపోత తియ్యి" అన్నాడు. మగాయన మోసుకుపోయి నలభై రోజులు డబ్బాలో పెడితే అది ఒడిబియ్యం ఎట్లా అవుతుంది? నాకు ఏడుపొచ్చింది. పుట్టింటి ఒడి వదిలితే మనసొప్పదు. మోసుకెళ్తే విమానం ఎక్కనివ్వరు, స్వామి దర్శనం పోతుంది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఏడు కిలోలు దాటొద్దన్నారు. సంచిలో ఏముండాలో ఎవరూ చెప్పలేదు. స్వామి పటం నాతోనే ఉంది. ఆయన ముందు ఎక్కడ వండితే ఏం? అక్కడ మేము దిగబోయే హాస్టల్లో వంటగది ఉందని హారికే చెప్పింది. వదినె, నేను లోపలి గదిలో తలుపేసుకుని సంచి విప్పాం.

"ఒక్క జతన్న ఉంచుకోయే" అంది వదినె.

"బట్టలు యాడన్న దొరుకుతయి. పుట్టింటి ఒడి దొరుకుతదా?"

ఆ మాటకు వదినె కళ్లు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. స్వెట్టరు, దుప్పటి, బూట్లతో సహా బట్టలన్నీ మూట కట్టి కారు డిక్కీలో పెట్టించాను.

ఎయిర్‌పోర్టులో సంచి ఆరు కిలోల తొమ్మిది వందలు తూగింది. హారిక నా భుజం తట్టి, "అమ్మా, నువ్వు సూపర్" అంది. ఆ సుఖం సెక్యూరిటీ దాకే. మిషన్‌లోంచి సంచి పక్కకు పోయింది. అక్కడి అమ్మాయి మన తెలుగు పిల్లే. సంచి విప్పి చెయ్యి పెట్టింది. చెయ్యి పచ్చగా బయటికొచ్చింది.

"మేడం, ఇవేంటి?"

"ఒడిబియ్యం తల్లీ."

ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, "బియ్యం ఓకే అమ్మా. కుడుకలు పోనియ్యరు, ఎండుకొబ్బరికి తొందరగ నిప్పంటుకుంటది" అంది. తీసి చెత్తబుట్టలో వెయ్యకుండా కళ్లకద్దుకుని టేబుల్ మీద పక్కన పెట్టింది. ఆమె మెడలోనూ పుస్తెలతాడు ఉంది. ఆమెకు ఇంకేం చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది హారికకు. అది సంచిలోకి చూసింది. నావైపు చూసింది.

"అమ్మా, నీ బట్టలేవి?"

"కార్ల ఉన్నయి."

"కారేది?"

"షాద్‌నగర్ దాటకపోతే మీ నాయిన ఎనుకకు రావచ్చు."

"నాయిన పోయేది హన్మకొండకు, షాద్‌నగర్ దిక్కు గాదు." అక్కడినుంచి, విమానం మారే బ్యాంకాక్ దాకా అది నాతో మాట్లాడలేదు. వరినాట్లు తప్ప ఇంకేం కనబడని దేశానికి హన్మకొండ నుంచి బియ్యం మోసుకుపోయే మనిషి నువ్వొక్కదానివే అని రెండో విమానం కిటికీలోంచి కంబోడియా పొలాలు కనబడ్డాక మాత్రం అంది.

ఆ విష్ణుమూర్తి గుడి ఉన్న ఊరు సియెమ్ రీప్. అక్కడి హాస్టల్లో మర్నాడే వంటకు కూర్చున్నాను. ఒంటిమీది కుర్తా ఉతికి ఆరేశాను కాబట్టి పట్టుచీర కట్టుకున్నాను. పరమాన్నం అయింది. ఇక అయిదుగురు ముత్తైదువలు కావాలి. హాస్టల్ నడిపే ఆమె, ఆమె చెల్లెలు, గదులు ఊడ్చే ఇద్దరు, వీళ్లు నలుగురూ పెళ్లైనవాళ్లే. అయిదో మనిషి కోసం అక్కడ దిగిన ఆడపిల్లల్ని "పెళ్లైందా" అని అడుగుతూ పోతుంటే హారిక పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, ఇక్కడ ఎవ్వర్ని గట్ల అడుగొద్దు." చివరికి డెబ్బై ఏళ్ల హాలండ్ ఆవిడ దొరికింది. వెంట ఉన్నాయన మూడో భర్తట. మూడోవాడైతేనేం, పక్కనే నిక్షేపంగా కూర్చుని ఉన్నాడు. బొట్టు పెట్టి, పరమాన్నం పెట్టాను. రెండోసారి అడిగి పెట్టించుకుంది. నా గుండె మీది బరువు దిగింది.

సంచి బరువు కూడా దిగింది. మిగతా బియ్యం కూడా వండి హాస్టల్లో అందరికీ పెట్టాక అందులో మిగిలింది స్వామి పటం, ఉతికిన కుర్తా, మందులు, బ్రష్షు, దువ్వెన. గుడి దర్శనం కూడా చేసుకుని మూడోనాడు మేము ఇంకో ఊరికి బయల్దేరుతుంటే, కొండంత సంచులు మోస్తున్న కుర్రవాళ్లు నా సంచిని ఒంటివేలితో ఎత్తి చూసి నోరు తెరిచారు. నలభై రోజులకు ఇంతేనా, అయిదారేళ్లుగా తిరుగుతున్నాం, మాకు రాలేదు, ఎట్లా నేర్చుకున్నారో చెప్పమని నా చుట్టూ కూర్చున్నారు. పట్టుచీర చూసి ఏదో దీక్షలో ఉన్నాననుకున్నట్టున్నారు. ఒకడు ఫోటో కూడా తీసుకున్నాడు.

హారిక నా మాటను ఇంగ్లీషులో చెప్పడానికి సిద్ధంగా నిలబడింది. "చెప్పమ్మా, ఏమని చెప్పాలె?"

"మా వదినె దయ అని చెప్పు" అన్నాను.