మట్టిపెళ్ళ మీది చెయ్యి

సౌదీలో తాయిఫ్ నుంచి జెడ్డా వచ్చే బస్సులో నా పక్కన కడప మనిషొకడు ఒళ్ళో మట్టిపెళ్ళ పెట్టుకుని కూర్చున్నాడు. దాని మీద అయిదు వేళ్ళ అచ్చు ఉంది.

“ఏంది అబ్బీ, ఊరికి మట్టి మోసకపోతాండావా?” అన్నాను.

“తుర్కీవాళ్ళు ఏలిన నాటి గులాబీతోటలో పని చేసినా పెద్దాయనా. వాళ్ళ బంగళాను బాగుచేసి జనానికి చూపిస్తారంట. మేం కట్టుకున్న గది మాత్రం పాతది కాదంట, నిన్న పడగొట్టినారు. గోడ మెత్తినాక మా ఊర్లో మాదిరి చెయ్యి అద్దింటి. నేనీడ బతికినట్టు గుర్తు ఇదొకటే.”

అచ్చులో చెయ్యి ఆనించి చూపించాడు. ఎయిర్‌పోర్టులో లాక్కుంటారేమోనని అతని భయం.

“మట్టి ఎవనికి కావాల? తువ్వాల్లో చుట్టుకో” అన్నాను.

నేను ముసలితనంలో అక్షరాలు దిద్దినవాణ్ణి. అంతకుముందు అన్నిటికీ వేలిముద్రే. ఇప్పుడు సంతకం పెట్టబోతే ఆ చెయ్యి గుర్తొచ్చి కలం కాసేపు ఆగుతుంది.