గ్రీసు కోసం గుప్పెడు సామలు

మొన్న పాడేరు బస్సు కోసం కూర్చుంటే, టీ కొట్టు రేడియోలో ఎక్కడో యుద్ధం వార్తలు వస్తున్నాయి. మన మిత్రదేశం గెలవాలని కొందరు, దానికి బుద్ధి రావాలని కొందరు గ్లాసులు పక్కన పెట్టి మరీ వాదించుకుంటున్నారు. మీరెటువైపమ్మా అని డెబ్బై దాటిన నన్నూ అడిగారు. నాకు మా అమ్మ గుప్పిట గుర్తొచ్చింది.

మా నాన్నగారు హుకుంపేట దగ్గర మిషను బడిలో పంతులు. మా తరం క్రైస్తవుల ఇళ్ళలో వంటకు ముందు ఆడవాళ్ళు గుప్పెడు గింజలు చర్చి కోసం తీసి వేరే కుండలో పోసేవారు, మీకూ గుర్తుండే ఉంటుంది. కొండల్లో బియ్యమెక్కడివి, మావి సామలే. మొదటి ప్రపంచయుద్ధం ముగిసినా గ్రీకులూ టర్కీవాళ్ళూ ఇంకా కొట్టుకుంటున్న ఆ రోజుల్లో, నా ఆరేడేళ్ళప్పుడు, ఇంగ్లీషువాళ్ళకు గ్రీసు స్నేహదేశం కనుక, ఆ గింజలు అమ్మి అక్కడివాళ్ళకు సాయం పంపుదామన్నారు మిషను దొరగారు. గ్రీకులు గెలిస్తే ఇంగ్లీషువాళ్ళ తరఫున అటు వెళ్ళిన మన పటాలాలు ఇంటిముఖం పడతాయని కూడా అన్నారు. ఆ ఒక్క మాటే అమ్మ పట్టుకుంది. ఆవిడ ఒక్కగానొక్క తమ్ముడు, మా మావయ్య, కూలీల పటాలంలో చేరి ఓడెక్కి అటే వెళ్ళాడు. ఏడాదిగా ఉత్తరం ముక్క లేదు.

“గ్రీకులంటే ఎవులే గుంటా? ఆళ్ళు బేగి గెలిసేత్తారా?” అని నన్నడిగేది, నాకేదో తెలిసినట్టు. గుప్పెడు కాస్తా రెండు గుప్పెళ్ళయింది, ఆవిడ తాగే అంబలి పల్చనయింది. నాన్నగారు కసిరినా మానలేదు.

ఒక సంతరోజు, మైదానం నుంచి వచ్చిన షావుకారు అందరికీ బెల్లం ముక్కలు పంచుతున్నాడు. దొరల మీద కోపంతో మైదానంలో జనం టర్కీ పక్షం వహించారని మాకేం తెలుసు? అమ్మ ఒక ముక్క పుచ్చుకుని నా నోట్లో పెట్టి, “ఏటి బాబూ ఇసేసం?” అంది.

“టర్కీ గెలిసిందమ్మా! దొరల గ్రీకోళ్ళు పారిపోనారు!”

అమ్మ నా మొహంకేసి చూసింది. ఉమ్మెయ్యమంటుందేమో అనుకున్నాను. బెల్లం నోట్లో కరిగిపోయింది. ఆ తీపి తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

పటాలాలు తిరిగొచ్చాయని విన్నాం, మావయ్య రాలేదు. ఎవరినడగాలో నాన్నగారికీ తెలియలేదు. దొరగారు ఆ వసూలు ఇక చాలన్నారు. అమ్మ మాత్రం పోయేదాకా ఆ రెండో గుప్పెడు తీస్తూనే ఉంది.

ఇప్పుడు పొద్దున జరిగిన యుద్ధం మధ్యాహ్నానికి టీ కొట్టుకొచ్చేస్తోంది, ప్రతివాళ్ళకీ ఒక పక్షముంది. అక్కడికి వెళ్ళినవాళ్ళ ఊసు మాత్రం ఎవరి నోటా వినలేదు. బస్సొస్తే జవాబు చెప్పకుండానే ఎక్కేశాను. ఇంటికొచ్చి వంటకు బియ్యం తీస్తుంటే చెయ్యి దానంతటదే రెండోసారి గుప్పిట పట్టింది. పొయ్యడానికి ఇప్పుడా కుండ లేదు.